డేయెమ్ వంతెన

డేయెమ్ వంతెన అనగా రెండు వెడల్పైన అతివాహక పొరలను కలిపే అతి సన్నని, పొట్టి అతివాహక భాగము. దీనిని ఆండర్సన్-డేయెమ్ వంతెన అని కూడా అంటారు. అయస్కాంత అభివాహాన్ని కొలిచే స్క్విడ్ పరికరాలలో దీనిని ఉపయోగిస్తారు. బాగా చల్లబరచినపుడు కొన్ని పదార్థాలలో విద్యుత్ నిరోధం పూర్తిగా మాయమగుటను అతివాహకత్వం అంటారు. నియోబియం 9.2 కెల్విన్ల దిగువన అతివాహకమవుతుంది.

చరిత్ర

రెండు అతివాహకాల నడుమ గల పలుచని విద్యుద్బంధకపు పొర గుండా కూడా, వోల్టేజి లేకుండానే విద్యుత్తు ప్రవహించగలదని 1962లో బ్రియాన్ జోసెఫ్‌సన్ సిద్ధాంతీకరించాడు. బంధకపు పొర లేని సన్నని వంతెన కూడా ఇటువంటి ప్రవర్తననే చూపునని 1964లో ఫిలిప్ ఆండర్సన్, డేయెమ్ ప్రయోగపూర్వకంగా తెలిపారు.

పనిచేయు విధానం

వంతెన నిరోధం లేకుండా మోయగల గరిష్ఠ ప్రవాహాన్ని సందిగ్ధ విద్యుత్తు అంటారు. వంతెన గల అతివాహక వలయం అభివాహానికి ఆవర్తనంగా స్పందిస్తుంది. ఒక్కొక్క ఆవర్తనం ఒక అభివాహ క్వాంటమ్‌కు, అనగా 2.07×10⁻¹⁵ వెబర్లకు సమానం. హైదరాబాదు ప్రాంతంలో భూఅయస్కాంత క్షేత్రం సుమారు 43 మైక్రోటెస్లాలు. దానికి లంబంగా ఉంచిన 1 చదరపు మిల్లీమీటరు వలయం గుండా దాదాపు 20,000 క్వాంటమ్‌లు పోతాయి. మెదడు నుండి వెలువడే క్షేత్రం దీనికన్నా కోట్ల రెట్లు చిన్నది. కాబట్టి ఒక క్వాంటమ్‌లో స్వల్పభాగాన్ని కూడా గుర్తించవలసి ఉంటుంది. అందుకు వలయాన్ని మైక్రోవేవ్ అనునాదకానికి జోడించి, అభివాహం మారినపుడు అనునాద పౌనఃపున్యంలో వచ్చే మార్పును కొలుస్తారు.

మైక్రోవేవ్ ప్రభావం

మైక్రోవేవ్ తరంగాలు సోకిన వంతెన వోల్టేజి మెట్లుమెట్లుగా పెరుగుతుంది. 10 గిగాహెర్ట్జ్ వద్ద ఒక్కొక్క మెట్టు సుమారు 20.7 మైక్రోవోల్టులు.

తరంగశక్తి అతివాహకత్వాన్ని బలహీనపరచునని సాధారణంగా భావిస్తాము. కాని సంక్రమణ ఉష్ణోగ్రతకు సమీపంలో, తగిన పౌనఃపున్యం, తగుమాత్రపు శక్తి గల తరంగాలు వంతెన సందిగ్ధ విద్యుత్తును పెంచుతాయి. 1966-67లలో గమనించిన దీనిని డేయెమ్-వయట్ ఫలితం అంటారు. తరంగాలు ఉత్తేజిత కణాలను ఎక్కువ శక్తి స్థాయిలకు పంపుటచే, అతివాహకత్వానికి అడ్డువచ్చే దిగువ స్థాయిలు ఖాళీ అవుతాయని 1970లో ఎలియాష్‌బర్గ్ వివరించాడు. శక్తి మరీ పెరిగితే సందిగ్ధ విద్యుత్తు మళ్ళీ తగ్గుతుంది. అందుచేత సంవేదకాన్ని నడుపు మైక్రోవేవ్ శక్తిని జాగ్రత్తగా ఎంచుకోవాలి. లేనిచో తరంగశక్తి వలన కలిగిన మార్పును అభివాహపు మార్పుగా పొరబడే అవకాశం ఉన్నది.

పరిమితులు, ఉపయోగాలు

వంతెన పొడవు ఆ పదార్థపు సంసక్త దైర్ఘ్యానికి మించితే స్పందన క్రమం తప్పుతుంది. నియోబియంలో ఈ దైర్ఘ్యం కొన్ని పదుల నానోమీటర్లు మాత్రమే. వేడి పుట్టుట మరొక చిక్కు. అయినను ఒకే పొరలో చెక్కగలుగుట, బలమైన అయస్కాంత క్షేత్రాలను తట్టుకొనుట దీనికి గల మేళ్ళు. అందువలన సూక్ష్మ అయస్కాంత కణాలను పరిశీలించే నానో స్క్విడ్‌లలో దీనిని వాడతారు. భారతదేశంలో కల్పాక్కం నందలి ఇందిరా గాంధీ అణు పరిశోధన కేంద్రం స్క్విడ్ పరికరాలను రూపొందించింది.