పింగు కథ

సముద్రగర్భములోని వస్తువును సోనారు యంత్రము ఎట్లు పసిగట్టునో విద్యార్థులు ఎరుగుదురు. ధ్వనిని పంపి, అది తగిలి మరలి వచ్చుటకు పట్టిన కాలమును బట్టి దూరమును లెక్కింతురు. ఈ సూత్రమే కంప్యూటర్ల నెట్‌వర్కులో లోపములను వెదకుటకు కూడ తోడ్పడినది.

1981లో జాన్ పోస్టెల్ వెలువరించిన ఐ.సి.ఎం.పి. నియమావళిలో చిన్న ఏర్పాటొకటి కలదు. ఒక కంప్యూటరు ప్రతిధ్వనిని కోరుచు సందేశమును పంపినచో, అందుకొన్న కంప్యూటరు దానిని తిరిగి పంపవలెను. 1983 జూలైలో నార్వేలో జరిగిన సమావేశమున డేవిడ్ మిల్స్ ఈ ఏర్పాటుతో తాను చేసిన కాలపు కొలతలను ప్రస్తావించెను. అది విన్నవారిలో మైక్ మ్యూస్ ఒకరు.

మ్యూస్ అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రమునందలి బాలిస్టిక్ రిసెర్చ్ లేబొరేటరీలో పనిచేయుచుండెను. ఆ సంవత్సరము డిసెంబరులో అచ్చటి నెట్‌వర్కు వింతగా ప్రవర్తింపసాగెను. మిల్స్ మాటలు జ్ఞప్తికి వచ్చి, ఆయన వెంటనే ఒక ప్రోగ్రామును వ్రాసెను. కాని అది పనిచేయలేదు. ఏలన, బర్క్‌లీ యూనిక్సు వ్యవస్థ యొక్క కేంద్రభాగమైన కెర్నెల్‌లో ఇట్టి సందేశములను పంపు సదుపాయమే లేదు! కెర్నెల్ మూలపాఠము చేతనుండుటచే ఆయన ఆ సదుపాయమును తానే చేర్చి, తెల్లవారకముందే పని ముగించెను. అయితే మొదటి సందేశము బయలుదేరులోపుననే సహోద్యోగి ఒకరు యంత్రములోని దోషమును సరిచేసివేసిరి! ఆ రాత్రికి అక్కరకు రాకున్నను ఆ సాధనము నిలిచిపోయినది. సోనారు చేయు ధ్వనిని బట్టి మ్యూస్ దానికి ‘పింగు’ అని పేరిడెను. 2000లో ఆయన మరణించెను. ఎవరైనను మూలపాఠమును చదివి మార్చుకొనదగిన లినక్సులోను నేడు పింగు కలదు.

లినక్సు కంప్యూటరునకు నెట్‌వర్కు అందనప్పుడు పరీక్షను దగ్గరనుండి దూరమునకు సాగింపవలెను. మొదట 127.0.0.1 అను చిరునామాకు పింగు చేయుదురు. ఈ సందేశము యంత్రమును దాటిపోదు. కావున జవాబు వచ్చినచో లోపలి నెట్‌వర్కు ప్రోగ్రాములు పనిచేయుచున్నవని తెలియునే గాని, తీగను గూర్చి ఏమియు తెలియదు. పిదప రౌటరును పిలువవలెను. అది పలుకనిచో తీగను, చిరునామా అమరికను పరిశీలింపవలెను. అటుపిమ్మట దూరపు యంత్రమును దాని సంఖ్యతోను, చివరకు దాని పేరుతోను పిలువవలెను. సంఖ్యకు పలికి పేరుకు పలుకనిచో దారి చక్కగానే యున్నదన్నమాట. పేరును సంఖ్యగా మార్చు డి.ఎన్.ఎస్. అమరికలోనే చిక్కున్నది.

ఒక్క హెచ్చరిక. రక్షణ కొరకు కొన్ని యంత్రములు పింగునకు జవాబీయవు. కావున నిశ్శబ్దమును చూచి యంత్రము చెడినదని నిశ్చయింపరాదు.

ప్రయోగశాలలో బల్బు వెలుగనప్పుడు ఘటమును, తీగను, స్విచ్చిని ఒకదాని వెంట ఒకటి పరీక్షింతుము. అన్నింటిని ఒక్కసారి మార్చినచో బల్బు వెలుగవచ్చును గాని, దోషమెచ్చట నుండెనో ఎన్నటికిని తెలియదు. నెట్‌వర్కు విషయమునను ఇంతే. ఒక్కొక్క మెట్టు వద్ద ఒక్క ప్రశ్ననే అడుగవలెను.