ఓబర్లిన్: మాట ఇచ్చిన ఊరు

అమెరికాలోని ఒహాయో రాష్ట్రం ఉత్తర భాగంలో, ఈరీ సరస్సుకు కొంచెం దిగువన, క్లీవ్‌లాండ్ నగరానికి నైరుతి దిక్కుగా సుమారు 55 కిలోమీటర్ల దూరంలో ఓబర్లిన్ ఉంది. లొరైన్ కౌంటీకి చెందిన ఈ ఊరి జనాభా 2020 లెక్కల ప్రకారం దాదాపు ఎనిమిదిన్నర వేలు. చుట్టూ మొక్కజొన్న, సోయా పొలాలు. ఊరి నడిబొడ్డున 13 ఎకరాల పచ్చిక మైదానం, టాపన్ స్క్వేర్. దానికి రెండు పక్కల కాలేజీ భవనాలు, ఇంకో పక్క దుకాణాలు. ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి పోగలిగినంత ఊరే గాని, బానిసత్వ నిర్మూలన గురించి, స్త్రీల చదువు గురించి, మద్యనిషేధం గురించి రాసిన ఏ అమెరికా చరిత్రా దీని పేరు ఎత్తకుండా సాగదు.

1833లో జాన్ జే షిఫర్డ్ అనే మతబోధకుడు, ఆయన మిత్రుడు ఫైలో పెన్‌ఫీల్డ్ స్టూవర్ట్ కలిసి ఇక్కడి చిత్తడి అడవిని కొట్టించి ఊరు కట్టారు. కొండప్రాంతపు పేదలకు బడులు, దారులు వేయించిన అల్సాస్ పాస్టర్ జాన్ ఫ్రెడరిక్ ఓబర్లిన్ పేరు దీనికి పెట్టారు. ఊరూ కాలేజీ కవలల్లా ఒకేసారి పుట్టాయి. ఇక్కడ స్థిరపడదలచినవాళ్లు ఒక ఒడంబడిక మీద సంతకం చేయాలి. పొగాకు, మద్యం మానాలి. టీ కాఫీలు కూడా వద్దు. ఒంటిని బిగించే దుస్తులు కూడదు. మిగులు సంపాదన ధర్మకార్యాలకు పోవాలి. కాలేజీ కుర్రాళ్లు చదువుతోపాటు ఒళ్లు వంచి పని చేయాలి. ‘విద్య, శ్రమ’ అన్నది నేటికీ కాలేజీ ధ్యేయవాక్యం. తినడానికి తిండి, కాచుకోవడానికి చలిమంట కూడా సరిగా లేని తొలి రోజుల్లో స్టూవర్ట్ కొత్తరకం పొయ్యి ఒకటి కనిపెట్టి, 1834లో పేటెంటు తీసుకున్నాడు.

రెండేళ్లు తిరక్కుండానే డబ్బు అయిపోయింది. సరిగ్గా అప్పుడే సిన్సినాటిలోని లేన్ సెమినరీలో బానిసత్వం మీద చర్చలు జరపవద్దని యాజమాన్యం ఆంక్ష పెట్టడంతో విద్యార్థులు కట్టగట్టుకుని బయటికి వచ్చేశారు. వాళ్లను తీసుకురావాలని షిఫర్డ్ ఆశ. న్యూయార్క్ వర్తకుడు ఆర్థర్ టాపన్ డబ్బిస్తానన్నాడు. అయితే నల్లజాతివారిని కూడా చేర్చుకోవాలన్న షరతు ముందుకొచ్చింది. ఊరు భయపడింది. 1835 ఫిబ్రవరిలో ధర్మకర్తల ఓట్లు సరిసమానంగా చీలిపోతే, అధ్యక్షస్థానంలో ఉన్న జాన్ కీప్ తన ఓటుతో షరతును గట్టెక్కించాడు. ఓబర్లిన్ తర్వాతి చరిత్ర అంతా ఈ ఒక్క ఓటు మీద నిలబడిందంటే అతిశయోక్తి కాదు. టాపన్ వ్యాపారం దెబ్బతిని ఆ సొమ్ము ఆగిపోయినప్పుడు, అదే కీప్ 1839లో ఇంగ్లండ్ వెళ్లి బానిసత్వ వ్యతిరేకుల దగ్గర చందాలు పోగుచేసి కాలేజీని బతికించాడు.

1837లో నలుగురు స్త్రీలు మగవాళ్లతో సమానమైన డిగ్రీ చదువులో చేరారు. వారిలో ముగ్గురు 1841లో పట్టాలు అందుకున్నారు. 1862లో మేరీ జేన్ ప్యాటర్సన్ బి.ఏ. పూర్తిచేసి, అమెరికాలో ఆ పట్టా పొందిన తొలి నల్లజాతి స్త్రీలలో ఒకరిగా చరిత్రకెక్కింది. అయినా తలుపు తెరవడం వేరు, లోపల పీట వేయడం వేరు. తొలినాళ్లలో మగ విద్యార్థుల బట్టలు ఉతకడం, చిరుగులు కుట్టడం ఆడపిల్లల పనిగా ఉండేది. 1847లో లూసీ స్టోన్‌ను పట్టభద్రుల సభకు వ్యాసం రాయమన్నారు. ఆడమనిషి కాబట్టి దాన్ని చదవడం మాత్రం ఒక మగవాడు చేస్తాడన్నారు. తన గొంతుతో చదవలేని వ్యాసం రాయనని ఆమె తేల్చి చెప్పింది. వేదాంత విద్య ముగించిన ఆంటొనెట్ బ్రౌన్‌కు 1850లో ఆ పట్టా ఇవ్వనే లేదు. ఈ ఊరు ఇచ్చిన మాట పూర్తిగా నిలబడింది అనుకునేవాళ్లు ఈ ఇద్దరి కథ తప్పక తెలుసుకోవాలి.

కాలేజీ చరిత్ర ఎంత గొప్పదైనా, ఊరి ప్రాణం తెలిసేది 1858 సెప్టెంబరు 13న జరిగిన సంఘటనలోనే. అప్పటికి ఓబర్లిన్ జనాభాలో దాదాపు అయిదో వంతు నల్లజాతివారు. కొందరు పుట్టుకతో స్వతంత్రులు, కొందరు దక్షిణాది నుంచి తప్పించుకు వచ్చినవారు. పారిపోయిన బానిసలను పట్టి ఇవ్వాలని, వారికి సాయపడితే శిక్ష తప్పదని 1850 నాటి ఫెడరల్ చట్టం చెప్పేది. కెంటకీ నుంచి తప్పించుకు వచ్చిన జాన్ ప్రైస్ అనే యువకుడిని పట్టుకోవడానికి మనుషులు ఊళ్లో దిగారు. బంగాళాదుంపలు తవ్వే పని ఉందని ఒక కుర్రాడి చేత ఆశపెట్టించి అతణ్ణి ఊరి వెలుపలికి రప్పించారు. బండిలో వేసుకుని, దక్షిణంగా 15 కిలోమీటర్ల దూరంలో రైలు ఆగే వెలింగ్టన్‌కు తీసుకుపోయి, ఒక హోటల్లో బంధించారు.

దారిలో ఆ బండిని చూసినవాళ్ల ద్వారా కబురు ఊరికి చేరింది. బళ్ల మీద, గుర్రాల మీద, కాలినడకన జనం వెలింగ్టన్‌కు ఉరికారు. వారిలో ప్రొఫెసర్లూ విద్యార్థులూ ఉన్నమాట నిజమే గాని, ఆ సాయంత్రం హోటల్‌ను చుట్టుముట్టిన గుంపులో వడ్రంగులు, చెప్పులు కుట్టేవాళ్లు, గుర్రపు జీనులు చేసేవాళ్లు, పుస్తకాల కొట్టు గుమాస్తా కూడా ఉన్నారు. బయట బేరసారాలు తెగకపోయేసరికి లోపలికి చొరబడి ప్రైస్‌ను విడిపించుకుని తెచ్చారు. కాలేజీ ప్రొఫెసర్ జేమ్స్ ఫెయిర్‌చైల్డ్ ఇంట్లో కొద్దిరోజులు దాచి, కెనడాకు పంపేశారు.

37 మంది మీద కేసులు పడ్డాయి. విచారణ జరిగింది ఇద్దరి మీదే: తెల్లజాతి గుమాస్తా సైమన్ బుష్నెల్, నల్లజాతి ఉపాధ్యాయుడు చార్లెస్ లాంగ్‌స్టన్. బుష్నెల్‌కు 60 రోజుల జైలు, 600 డాలర్ల జరిమానా వేశారు. లాంగ్‌స్టన్ మాత్రం శిక్ష వినే ముందు కోర్టులో లేచి, తన జాతి పట్ల ద్వేషం నిండిన దేశంలో తనకు నిష్పక్షపాతమైన విచారణ ఎలా సాధ్యమని నిలదీశాడు. ఆ ప్రసంగం విన్న జడ్జి అతనికి 20 రోజులు, 100 డాలర్లతో సరిపెట్టాడు. మిగతావాళ్లు క్లీవ్‌లాండ్ జైల్లో నెలల తరబడి ఉన్నారు. అక్కడినుంచే ‘రెస్క్యూవర్’ అనే పత్రిక తీశారు. ఒహాయో సుప్రీంకోర్టు 3–2 తేడాతో వారి పక్షాన తీర్పు ఇవ్వడానికి నిరాకరించింది. చివరికి లొరైన్ కౌంటీ తెలివిగా ప్రైస్‌ను పట్టుకున్నవాళ్ల మీదే అపహరణ కేసు పెట్టింది. రెండు వైపులా కేసులు ఎత్తివేసేలా రాజీ కుదిరి, 1859 జులైలో అందరూ ఇల్లు చేరారు.

మూడు నెలలకే బానిసత్వ వ్యతిరేకి జాన్ బ్రౌన్ వర్జీనియాలోని హార్పర్స్ ఫెర్రీ ఆయుధాగారం మీద చేసిన దాడిలో ఓబర్లిన్ మనుషులు కనిపించారు. జీనులు తయారుచేసే లూయీస్ షెరిడన్ లియరీ గాయాలతో అక్కడే చనిపోయాడు. వడ్రంగి జాన్ కోప్‌ల్యాండ్‌ను డిసెంబరు 16న ఉరితీశారు. కన్నవాళ్ల తరఫున అతని శవం కోసం వర్జీనియా వెళ్లిన ప్రొఫెసర్ జేమ్స్ మన్రో ఉత్త చేతులతో తిరిగి రావలసి వచ్చింది. వీరితోపాటు అదే దాడిలో పాల్గొన్న షీల్డ్స్ గ్రీన్ పేరు కూడా చెక్కిన స్మారకశిల వైన్ వీధిలోని మార్టిన్ లూథర్ కింగ్ పార్కులో ఉంది. లియరీ భార్య మేరీ తర్వాత చార్లెస్ లాంగ్‌స్టన్‌ను పెళ్లాడింది. కవి లాంగ్‌స్టన్ హ్యూస్ వారి మనవడే.

ఆ తరం గడిచాక ఊరి పట్టుదల కొంత సడలింది. 1880లలోనే భోజనశాలలో నల్లజాతి విద్యార్థినులతో కలిసి కూర్చోవడానికి కొందరు తెల్ల విద్యార్థినులు నిరాకరించారు. 1884లో ఇక్కడే పట్టా పొంది, దేశంలో నల్లజాతి స్త్రీల ఉద్యమానికి నాయకురాలైన మేరీ చర్చ్ టెరెల్, 1910లలో తన కూతుళ్లను ఇక్కడికి పంపితే హాస్టల్ దగ్గరే వివక్ష ఎదురైంది. 1940లలో కూడా మంగలిషాపుల్లో నల్లజాతివారికి క్షవరం చేసేవారు కాదు. విద్యార్థులూ ఊరివాళ్లూ పూనుకుని అందరికీ పని చేసే షాపు ఒకటి పెట్టించారు. ఊరి పేరు ప్రతిష్ఠలకు ఇవి మచ్చలే. స్థానిక చరిత్రకారులు వీటిని దాచకుండా రాశారు. అది చాలా మంచి పని.

ఇతర ఘట్టాల్లో రెండిటికి దేశవ్యాప్తమైన ఫలితాలు ఉన్నాయి. 1893లో హోవర్డ్ హైడ్ రసెల్ ఇక్కడ స్థాపించిన యాంటీ సెలూన్ లీగ్ పాతికేళ్లు తిరిగేసరికి అమెరికా రాజ్యాంగంలోకి మద్యనిషేధాన్ని తెచ్చిన శక్తుల్లో అగ్రగామి అయింది. అంతకు ముందే, 1886 ఫిబ్రవరి 23న, ఈస్ట్ కాలేజ్ వీధిలోని తమ ఇంటి కట్టెల కొట్టంలో చార్లెస్ మార్టిన్ హాల్ అనే 22 ఏళ్ల యువకుడు విద్యుత్తు సాయంతో అల్యూమినియం తీశాడు. గురువు ఫ్రాంక్ జ్యూవెట్ దారి చూపాడు. కెమిస్ట్రీ చదివిన అక్క జూలియా ప్రయోగాలను దగ్గరుండి చూసింది. అదే ఏడు ఫ్రాన్స్‌లో పాల్ ఎరూ విడిగా ఇదే పద్ధతి కనిపెట్టాడు. అంతదాకా విలువైన లోహంగా ఉన్నది ఆ తర్వాతే ప్రతి వంటింట్లోకీ గిన్నెగా వచ్చింది. 1914లో కన్నుమూసిన హాల్ తన ఆస్తిలో పెద్ద భాగం కాలేజీకి రాశాడు. టాపన్ స్క్వేర్‌లోని భవనాలు తొలగించి దాన్ని ఖాళీ మైదానంగా ఉంచాలని కోరాడు. ఊళ్లో పిల్లలు నేడు పరుగులు తీస్తున్న పచ్చిక ఆ కోరిక ఫలమే.

ఆ మైదానం ఊరి సమష్టి జీవితానికి కేంద్రం. ఆసియా దేశాల ఉత్సవ రథాన్ని తలపించేలా చక్రాలతో కట్టిన కచేరీ మండపంలో వేసవి సాయంత్రాలు సంగీతం వినిపిస్తుంది. రెండు పెద్ద బండరాళ్ల మీద ఎవరైనా రంగులు వేసి పుట్టినరోజు శుభాకాంక్షలో, నిరసన నినాదాలో రాసుకోవచ్చు. 1900లో చైనాలో బాక్సర్ తిరుగుబాటులో చనిపోయిన మిషనరీల స్మారకంగా 1903లో కట్టిన రాతి తోరణం కూడా ఇక్కడే. చనిపోయిన చైనీయులను అది తలవలేదన్న విమర్శ వచ్చాక వారి కోసమూ ఒక ఫలకం చేర్చారు. మైదానానికి ఎదురుగా 1913లో మొదలైన అపోలో సినిమా హాలు. 1865లో పుట్టిన సంగీత కళాశాల ఏటా వందల కచేరీలు చేస్తుంది. చాలావాటికి టికెట్టే ఉండదు. 1917 నాటి ఆలెన్ మ్యూజియం నుంచి విద్యార్థులు కొద్ది డాలర్లకు అసలు చిత్రాలను టర్ము పొడుగునా గదిలో పెట్టుకోవడానికి తీసుకుపోవచ్చు. 1940లో మొదలైన ఈ ఏర్పాటు కోసం ముందురోజు రాత్రి నుంచే క్యూలు కడతారు.

ఊరి పాలన ఎన్నికైన కౌన్సిల్ చేతిలో, దైనందిన వ్యవహారాలు సిటీ మేనేజర్ చేతిలో ఉంటాయి. కరెంటు పంపిణీ మునిసిపాలిటీదే కాబట్టి, కరెంటు ఎక్కడ కొనాలో ఊరే తేల్చుకుంటుంది; చెత్తకుప్పల నుంచి వచ్చే వాయువు, జలవిద్యుత్తు వంటి వాటి వైపు మొగ్గింది. 2017లో కొలంబస్ డే స్థానంలో ఆదివాసుల దినాన్ని జరపాలని కౌన్సిల్ తీర్మానించింది. ఉద్యోగాల్లో కాలేజీదే పెద్ద వాటా. ఉత్తర ఒహాయో గగనంలో విమానాలను నడిపించే క్లీవ్‌లాండ్ కంట్రోల్ సెంటర్ కూడా నిజానికి ఓబర్లిన్‌లోనే ఉంది. 1993లో వెలిసిన కెండల్ వృద్ధుల కాలనీ నివాసులు కాలేజీ తరగతులకు వచ్చి కూర్చోవడం మామూలే.

కాలేజీకి దూరదేశాల నుంచి వచ్చే సంపన్నుల పిల్లలకూ, చాలీచాలని సంపాదనతో నెట్టుకొచ్చే ఊరి కుటుంబాలకూ మధ్య దూరం చాలానే ఉంది. పక్కనున్న లొరైన్ నగరంలో ఉక్కు పరిశ్రమ కుంగి, 2005లో ఫోర్డ్ ఫ్యాక్టరీ మూతపడ్డాక ఈ ప్రాంతంలో మంచి జీతాల పనులు తగ్గాయి. ఈ దూరాన్ని కొంత పూడ్చేది ఒక స్కాలర్‌షిప్: ఓబర్లిన్ ప్రభుత్వ హైస్కూల్లో నాలుగేళ్లూ చదివి, కాలేజీలో సీటు తెచ్చుకున్న విద్యార్థికి ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ.