తాతలు విడిచిన స్వాస్థ్యము



1893వ సంవత్సరము మే నెల 29వ తేదీన అమెరికా దేశమందలి ఉత్తర కరోలినా రాష్ట్రములో 29 మంది ఇటలీ దేశస్థులు రైలు దిగిరి. వారిలో పురుషులును స్త్రీలును పిల్లలును ఉండిరి. చార్లెస్ ఆల్బర్ట్ ట్రాన్ అను పాదిరిగారు వారిని నడిపించుకొని వచ్చెను. అదే సంవత్సరము నవంబరులో మరి 100 మందికి పైగా వచ్చి వారితో కలిసిరి. వారు కట్టుకొన్న ఊరికి వాల్డీస్ అని పేరు. ఆ ఊరిలో నేడు జీవించుచున్న అనేకులకు వారు తాతలు, ముత్తాతలు. ఆ తాతలు మనుమలకు ఏమి విడిచిపోయిరో ఆలోచింతము.

మొదట వారెవరో తెలిసికొనవలెను. ఇటలీ అనగానే మనకు రోము నగరమును పోపుగారును జ్ఞాపకము వత్తురు. వీరు ఆ సంఘమువారు కారు, వాల్డెన్సీయులు. 12వ శతాబ్దమందు లియోన్ పట్టణములో వాల్డో అను వర్తకుడు తన ఆస్తిని విడిచి, సువార్తలను సామాన్యుల భాషలోనికి తర్జుమా చేయించి ప్రకటించెను. ఆయన అనుచరులు వెలివేయబడిరి. వారిలో అనేకులు ఆల్ప్స్ పర్వతముల లోయలలో తలదాచుకొనిరి. 1532లో వారు సంస్కరణోద్యమములో చేరిరి. 1655లో వారిలో అనేకులు వధింపబడిరి. 1686లో స్వస్థలమునుండి వెళ్లగొట్టబడి, 1689లో మరల తిరిగి వచ్చిరి. తుదకు 1848 ఫిబ్రవరి 17వ తేదీన చార్లెస్ ఆల్బర్ట్ రాజు వారికి పౌరహక్కుల నిచ్చెను.

స్వేచ్ఛ వచ్చినను కడుపు నిండలేదు. లోయలు ఇరుకు, జనము పెరిగెను, అన్నదమ్ములు పంచుకొన్నకొలది చెక్కలు చిన్నవాయెను. కొందరు అంతకుముందే దక్షిణ అమెరికాలోని ఉరుగ్వే దేశమునకు పోయి, 1858లో అక్కడ ఒక ఊరు కట్టుకొనిరి. వాల్డీసుకు వచ్చినవారును భూమికొరకే వచ్చిరి. ఈ సంగతి దాచవలసిన పనిలేదు. అబ్రాహామువలె దేవుని పిలుపు విని బయలుదేరినవారని వారిని పొగడుట సులభము. కాని వారు బిడ్డల కూటికొరకు సముద్రము దాటిన రైతులు. దేవుడు అట్టివారితోకూడ నడచును.

ఆ భూమి వారికి ఆశాభంగము కలిగించెను. అది అడవి కొట్టి బాగుచేసికొనవలసిన సారహీనమైన నేల. భూమిని అందరి పేర ఉమ్మడిగా అప్పుమీద కొనిరి. పంటతో అప్పు తీరునన్న ఆశ నెరవేరలేదు. మరుసటి సంవత్సరమే ఆ ఉమ్మడి ఏర్పాటు చెడిపోగా ఎవరి భూమి వారు పంచుకొనవలసి వచ్చెను. పాదిరి ట్రాన్‌గారు అంతకుముందే ఇటలీకి తిరిగి వెళ్లియుండిరి. కొన్ని సంవత్సరములకు ఊరిలో మేజోళ్లు అల్లు మిల్లు వెలసెను. కొండమీద పశువులు మేపినవారి బిడ్డలు యంత్రముల యెదుట నిలిచి కూలి సంపాదించుకొనిరి.

ఇట్టి కరవు కాలములోనే వారు దేవాలయము కట్టిరి. 1895లో వారి సంఘము అమెరికాలోని ప్రెస్బిటేరియను సంఘముతో ఏకమాయెను. 1899 జూలై 4వ తేదీన రాతిగోడల మందిరము ప్రతిష్ఠింపబడెను. అది వారు తమ చేతులతో కట్టుకొన్నది. పంట పండినతరువాత కట్టుదమని వారు అనుకొనలేదు. అట్లు అనుకొనినయెడల ఆ మందిరము ఎన్నటికిని లేచియుండదు.

చదువరులారా, మరియొక నష్టము చూడుడి. తాతలు ఫ్రెంచి భాషలో ఆరాధించిరి. ఇండ్లలో తమ లోయల మాట మాట్లాడుకొనిరి. మనుమలు ఇంగ్లీషు బడికి పోయిరి. క్రమముగా తాత మాట మనుమనికి అర్థము కాకపోయెను. కొన్నవారు ఎదురుచూచినట్లు భూమి పండలేదు, భాషయు నిలువలేదు. అయితే మిగిలినదేమి?

ఫిబ్రవరి 17వ తేదీ సమీపించినప్పుడు ఆ ఊరివారు నేటికిని పెద్ద మంట వేయుదురు. 1848లో స్వేచ్ఛావార్త కొండనుండి కొండకు మంటలద్వారా తెలిసెనని వారి పెద్దలు చెప్పుదురు. మంట చూచిన బిడ్డ, ఇది ఎందుకని అడుగును. అప్పుడు పెద్దవారు చెప్పవలెను. యెహోషువ యొర్దానులోనుండి పండ్రెండు రాళ్లు తీయించి నిలువబెట్టించినది ఇందుకే గదా! రాయి తనంతట తాను మాటలాడదు. అడుగు బిడ్డయు చెప్పు పెద్దయు ఉన్నప్పుడే ఆ రాయి సాక్ష్యమగును.

మన తెలుగు గ్రామములలోను మొదట ప్రభువును నమ్మినవారు అనేక కుటుంబములలో తాతలు, ముత్తాతలే. కొందరిని బావివద్దకు రానీయలేదు. కొందరికి ఆసాములు పని మానిపించిరి. వారి పేర్లు బాప్తిస్మపు రిజిస్టర్లలో ఉన్నవి. కాని వారు ఏమి అనుభవించిరో ఆ పుస్తకములు చెప్పవు. అది ఇంటిలోని ముసలివారికే తెలియును. ఒక్కొక్క ముసలివారిని సమాధి చేసినప్పుడు ఒక్కొక్క చరిత్రను సమాధి చేయుచున్నాము.

కావున ఈ వారము కుటుంబ ప్రార్థన ముగిసినతరువాత మీ ఇంటి పెద్దలను అడుగుడి. మన ఇంటిలో మొదట నమ్మినది ఎవరు? ఏమి పోగొట్టుకొనిరి? ఎప్పుడు తొట్రిల్లిరి? చెప్పినది బైబిలులోని ఖాళీ పుటమీద వ్రాసికొనుడి. మంచిని మాత్రమే ఏరుకొనకుడి. కష్టమును, అప్పును, కన్నీటిని కూడ వ్రాయుడి.

అయితే ఒక మాట మరువకుడి. పొలము పట్టా తాతనుండి మనుమనికి వచ్చును. విశ్వాసము అట్లు రాదు. తిమోతి అవ్వయైన లోయి నమ్మినది, తల్లియైన యునీకే నమ్మినది. తిమోతియు తానుగా నమ్మవలసి వచ్చెను. తాత కట్టిన మందిరములో కూర్చుండుట మేలే. అందులో ఆయన మోకరించినచోట మనమును మోకరించినప్పుడే ఆయన స్వాస్థ్యము మనదగును.