చెట్టుకూ ముంతకూ నడుమ

ఆబిడ్స్ నుండి నాంపల్లి వైపు వెళ్ళేవారికి ఆబ్కారీ భవన్ పరిచయమే. మన కల్లు కాంపౌండ్ల చరిత్ర చాలావరకు ఆ శాఖ లైసెన్సుల చరిత్రే. దానిని ఒక వైద్యుని దృష్టితో మీ ముందుంచుతున్నాను.

పల్లెలో కల్లు అమ్మేవాడు సాధారణంగా చెట్టెక్కి గీసినవాడే. తాటి, ఈత చెట్ల నుండి దిగిన తియ్యని నీరా కొన్ని గంటలలోనే పులిసి కల్లవుతుంది. దానిని దాచిపెట్టడం కుదరదు. తాగేవాడికి గీసినవాని ముఖం తెలుసు. ఏదైనా తేడా వస్తే అడగవలసిన గడప తెలుసు. నగరంలో ఈ సంబంధం తెగిపోయింది. నిజాం రాజ్యంలో 1316 ఫసలీ నాటి, అంటే 1906-07 నాటి ఆబ్కారీ చట్టం కల్లు, సారాల వ్యాపారాన్ని సర్కారు అదుపులో ఉంచింది. అమ్మకపు హక్కులు హర్రాజులో ఎక్కువ పాడినవానికి దక్కేవి. 1968లో ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టం వచ్చిన తరువాత కూడా వేలంపాటలు సాగాయి. గౌడ గీత కార్మికుల సహకార సంఘాలు ఏర్పడినా, అనేక చోట్ల డబ్బు పెట్టిన గుత్తేదారుదే పైచేయి అయింది.

ఇక్కడొక లెక్క గమనించండి. పాట పెరిగితే అమ్మకం పెరగాలి. నగరం విస్తరించేకొద్దీ చెట్లు తరుగుతాయి. ఆ లోటును పూడ్చినవి నీళ్ళు, తీపికి శాకరిన్, మత్తుకు క్లోరల్ హైడ్రేట్. ఈ చివరిది 1869లో వైద్యంలోకి వచ్చిన నిద్రమందు. తరువాత డైజిపామ్, ఆల్ప్రజోలామ్ కూడా ముంతలోకి చేరాయి.

ఇది మన దేశానికే పరిమితమైన దోషం కాదు. ఇంగ్లండులో 1552లోనే బీరు అంగళ్ళకు న్యాయాధికారుల అనుమతిని తప్పనిసరి చేశారు. నడిపేవాడు సక్రమంగా నడుపుతానని పూచీకత్తు ఇవ్వవలసి వచ్చేది. అయినా 1820లో ఫ్రెడరిక్ ఆకమ్ అనే రసాయన శాస్త్రవేత్త ఆహార కల్తీలపై గ్రంథం వ్రాసి, బీరులో మత్తుకోసం కాకమారి గింజలు కలుపుతున్నారని బయటపెట్టాడు. ఆ గింజలు మన ప్రాంతాల నుండి వెళ్ళినవే. మూర్ఛలు తెప్పించే విషం వాటిలో ఉన్నది. అనుమతి పత్రం ఒక్కటే తాగేవానిని కాపాడదు. 1875లో అక్కడ ఆహార, ఔషధ విక్రయ చట్టం వచ్చి, నమూనాలు తీసి పరీక్షించే పద్ధతి బలపడింది.

హైదరాబాదులో 2004లో కల్లు దుకాణాలు మూతపడి, 2014లో తిరిగి తెరుచుకున్నాయి. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు పలువురి ప్రాణాలు తీసింది. మూత్రపిండాలు దెబ్బతిన్న కొందరికి డయాలసిస్ చేయవలసి వచ్చింది. మూసివేతకు కూడా ఒక ప్రమాదమున్నది. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దొరకక, వింత ప్రవర్తనతో, మూర్ఛలతో ఎందరో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి వచ్చారు. అది పిచ్చి కాదు. ఆల్ప్రజోలామ్ వంటి మందుకు అలవాటుపడిన మెదడు, అది ఒక్కసారిగా అందకపోతే అదుపు తప్పుతుంది.

కనుక మీ ఇంట్లోగాని, మీ దగ్గర పనిచేసేవారిలోగాని రోజూ కాంపౌండు కల్లు తాగేవారుంటే, ఒక్కరోజులో మానిపించకండి. వైద్యుని పర్యవేక్షణలో మందు మోతాదును క్రమంగా తగ్గిస్తూ మానిపించాలి. మానిన కొద్ది రోజులలో చేతుల వణుకు, నిద్రలేమి, లేనివి కనిపించడం, మూర్ఛ వంటివి కనబడితే 108కు ఫోను చేయండి. తాగిన తరువాత విపరీతమైన మగత, వాంతులు, విరేచనాలు, మూత్రం తగ్గడం కనిపించినా ఆలస్యం చేయకండి. తాగిన సంగతి వైద్యుని వద్ద దాచవద్దు. చికిత్స దానిమీదనే ఆధారపడి ఉంటుంది.

మంచి కల్లులో కూడా ఆల్కహాలు ఉంటుంది. అది ఔషధమన్న మాట నమ్మదగినది కాదు. అయినా తాగేవారు తాగుతూనే ఉన్నంతకాలం, ఆ ముంతలో ఏమున్నదో పరీక్షించి చెప్పవలసిన బాధ్యత అనుమతి ఇచ్చినవారిదే. దానిని అడిగే హక్కు మీది.