సి ప్రీప్రాసెసరులో బహుళ షరతులు

సి భాషలో రాసిన ప్రోగ్రాములో ఏ భాగాన్ని కంపైలరుకు అందించాలో, దేనిని విడిచిపెట్టాలో ముందుగానే నిర్ణయించే పద్ధతిని షరతులతో కూడిన కంపైలేషన్ అంటారు. ఈ పని ప్రీప్రాసెసరు చేస్తుంది. ఒక మాక్రో నిర్వచింపబడిందో లేదో చూడడానికి #ఇఫ్‌డెఫ్ ఆదేశం చాలు. అటువంటి షరతులను రెండు మూడింటిని కలపాలంటే #ఇఫ్ ఆదేశంతో పాటు డిఫైన్డ్ అనే ఆపరేటరును వాడాలి. (ఈ వ్యాసంలో ఆదేశాలు, మాక్రోల పేర్లు తెలుగు లిపిలో ఇవ్వబడ్డాయి; ప్రోగ్రాములో వీటిని ఆంగ్ల అక్షరాలలో రాయాలి.)

నేపథ్యం

సి భాషను 1970వ దశకం తొలినాళ్ళలో బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ రూపొందించాడు. 1978లో బ్రయాన్ కెర్నిగన్‌తో కలిసి ఆయన ప్రచురించిన పుస్తకంలో డిఫైన్డ్ గాని, #ఎలిఫ్ గాని లేవు. రెండు మాక్రోలూ ఉండాలనే షరతును ఒక #ఇఫ్‌డెఫ్ లోపల మరొకటి పెట్టి సాధించవచ్చు. ఏ ఒక్కటి ఉన్నా చాలుననే షరతుకు ఆ ఉపాయం పనికిరాదు. అదే కోడును రెండుసార్లు రాయడమో, మధ్యలో మరొక మాక్రోను నిర్వచించడమో చేయవలసి వచ్చేది. 1989 నాటి ఆన్సీ ప్రమాణం డిఫైన్డ్, #ఎలిఫ్‌లను చేర్చి ఈ ఇబ్బందిని తొలగించింది.

వాడే విధానం

షరతులను && (మరియు), || (లేదా), ! (కాదు) గుర్తులతో కలుపుతారు.

#ఇఫ్ డిఫైన్డ్(_విన్32) && !డిఫైన్డ్(_విన్64)

ఇది 32 బిట్ల విండోస్‌ను మాత్రమే గుర్తిస్తుంది. 64 బిట్ల విండోస్ కొరకు కంపైల్ చేసినప్పుడు కూడా _విన్32 నిర్వచింపబడుతుంది కనుక రెండవ షరతు తప్పనిసరి. ఆండ్రాయిడ్‌లో __లినక్స్__ మాక్రో కూడా ఉంటుంది. అక్కడా ఇదే జాగ్రత్త అవసరం. షరతు పొడవైతే వరుస చివర \ గుర్తు ఉంచి తరువాతి వరుసలో కొనసాగించవచ్చు.

సాధారణంగా జరిగే పొరపాట్లు

#ఇఫ్‌డెఫ్ తరువాత ఒకే పేరు ఉండాలి. అక్కడ && తో రెండవ పేరు చేర్చితే జీసీసీ కంపైలరు ఒక హెచ్చరిక ఇచ్చి, మొదటి పేరును మాత్రమే పరిశీలిస్తుంది. హెచ్చరికను పట్టించుకోని విద్యార్థికి ప్రోగ్రాము సరిగానే ఉన్నట్లు తోస్తుంది.

#ఇఫ్ షరతులో నిర్వచింపబడని పేరు వస్తే దాని విలువ 0 గా తీసుకోబడుతుంది. ఉదాహరణకు:

#ఇఫ్ నల్లగండ్ల == గచ్చిబౌలి

ఈ రెండు పేర్లనూ ఎక్కడా నిర్వచించకపోతే 0, 0 సమానమే కనుక షరతు నిజమవుతుంది! హైదరాబాదులో అవి వేరువేరు ప్రాంతాలన్న సంగతి ప్రీప్రాసెసరుకు పట్టదు. పేరులో ఒక అక్షరం తప్పినా ఇదే జరుగుతుంది. జీసీసీలో -డబ్ల్యుఅన్‌డెఫ్ ఐచ్ఛికం ఇటువంటి చోట్ల హెచ్చరిస్తుంది.

&& కు ఎడమవైపు షరతు అబద్ధమైనా, కుడివైపు భాగం వ్యాకరణ రీత్యా సరిగా ఉండి తీరాలి. నిర్వచింపబడని మాక్రోను కుండలీకరణాలతో పిలిస్తే, ఎడమవైపు డిఫైన్డ్ పరీక్ష ఉన్నప్పటికీ దోషం వస్తుంది. అటువంటప్పుడు పాత పద్ధతిలో ఒక #ఇఫ్ లోపల మరొకటి రాయడమే మేలు.

2024లో ప్రచురితమైన సి23 ప్రమాణం #ఎలిఫ్‌డెఫ్, #ఎలిఫ్‌ఎన్‌డెఫ్ ఆదేశాలను చేర్చింది. ఇవి కూడా ఒక్క పేరునే పరీక్షిస్తాయి.