చర్మ కేశ నఖ పోషకములు

చర్మమునకు, కేశములకు, గోళ్ళకు ఆరోగ్యము చేకూర్చునను తలంపుతో ఆహారమునకు అదనముగా మాత్రల రూపమున సేవింపబడు విటమినులును ఖనిజములును ఈ పేర వ్యవహరింపబడును. బయోటిన్, నికోటినిక్ ఆమ్లము, సి విటమిన్, ఇనుము, జింకు వీనిలో ముఖ్యములు. లోపించిన పోషకమును పూరించునప్పుడు ఇవి ఆశ్చర్యకరముగా పనిచేయును. లోపమే లేని దేహమునకు వీనివలన కాంతి గాని కేశసమృద్ధి గాని కలుగునని చెప్పుటకు తగిన ఆధారము లేదు. లోపము తీర్చినచో గుణము కలుగుననుటకు జొన్న తిను తెలుగు సీమల చరిత్రయే నిదర్శనము.

పల్నాటి వినుకొండ చుట్టునుగల నల్లరేగడి మెట్టలలో ప్రత్తి, మిరప రొక్కమునకును, జొన్న కూటికిని ఆధారములై యుండెడివి. పల్నాటి జొన్నకూటిని శ్రీనాథ కవి ఈసడించెనని ప్రతీతి గాని, ఆ నిందకు జొన్న తగినది కాదు. పప్పు, గోంగూర, మజ్జిగ తోడైనచో అది బలమైన ఆహారమే. ఆ తోడు కరవై, ఏడాది పొడుగున జొన్నసంకటియే గతియైన పేదల యందు పెలాగ్రా అను వ్యాధి పొడసూపును. ఎండ తగులు ముంజేతులు, పాదములు, మెడ రెండు ప్రక్కల సమానముగా నల్లబడి, చర్మము మందమై పొలుసులుగా రాలును. పిదప విరేచనములు, మతిభ్రమ సంభవించును.

అమెరికా దక్షిణపు ప్రత్తిసీమలలో మొక్కజొన్న తిను కూలీలను ఇదే వ్యాధి పీడింపగా, 1914 మొదలు జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ పరిశోధించి, ఇది అంటువ్యాధి కాదనియు ఆహారలోపమే మూలమనియు నిరూపించెను. లోపించినది నికోటినిక్ ఆమ్లమని 1937లో శాస్త్రజ్ఞుడు ఎల్వెహ్యెమ్ కృషివలన తేలినది. దేహము ట్రిప్టోఫాన్ అను ఆమైనో ఆమ్లము నుండి ఆ ఆమ్లమును కొంత తయారుచేసికొనును. మొక్కజొన్నలో ట్రిప్టోఫాన్ కొఱవడును, జొన్నలో అంత కొఱత లేదు. ఐనను పెలాగ్రా ఏల కలుగుచున్నది? 1958లో కూనూరునుండి హైదరాబాదునకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనశాలలో గోపాలన్, శ్రీకాంతయ్య ఈ చిక్కును చేపట్టి, జొన్నలోని ల్యూసిన్ అను మఱియొక ఆమైనో ఆమ్లపు ఆధిక్యమే కారణమని 1960లో ప్రతిపాదించిరి. ఆ సిద్ధాంతముపై వాదములు నడచినను, నికోటినిక్ ఆమ్లపు మఱియొక రూపమైన నికోటినమైడుతో చర్మము కుదుటపడుటపై వివాదము లేదు. నాగార్జునసాగరు కాలువలును, 1983 నాటి రెండు రూపాయల కిలో బియ్యమును వచ్చి జొన్న వెనుకబడుటతో వ్యాధి అరుదైనది.

సి విటమిన్ చర్మమునకు బిగువునిచ్చు కొల్లాజెన్ నిర్మాణమున కవసరము. శాస్త్రజ్ఞుడు సెంట్-జ్యోర్జి హంగేరీలో దీనిని విస్తారముగా వేరుచేసినది మిరపజాతి కాయలనుండియే. చేలో అప్పుడే కోసిన పచ్చిమిరపలో ఇది సమృద్ధము. కల్లములో రోజులతరబడి ఎండబెట్టిన కాయలో చాలవఱకు నశించును.

ఇనుము తగ్గిన గోళ్ళు పెళుసై, తుదకు చెంచావలె గుంటపడును, జుట్టును రాలవచ్చును. ప్రభుత్వ పాఠశాలల బాలికలకు వారమున కొకమారు ఇచ్చు మాత్రలో ఇనుముతోపాటు ఫోలిక్ ఆమ్లము గలదు. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వమున లెడర్లే ప్రయోగశాలలో 1945లో కృత్రిమముగా రూపొందినది ఆ ఆమ్లమే. ఈ మాత్రను తేనీటితో మ్రింగిన ఇనుము సరిగా ఒంటబట్టదు.

జ్వరము గాని ప్రసవము గాని కలిగిన రెండు మూడు నెలలకు జుట్టు రాలి, సాధారణముగా తనంతట మొలచును. ఆ యశము తఱచు మాత్రలకు దక్కుచున్నది. ఎ విటమిన్ మితిమీరిన జుట్టు రాలును. సెలీనియము మితిమీరిన గోళ్ళును ఊడును. బయోటిన్ పెద్ద మోతాదు థైరాయిడ్, గుండెపోటు రక్తపరీక్షల ఫలితములను తారుమారు చేయగలదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో హెచ్చరించినందున, వాడువారు పరీక్షకు పూర్వమే వైద్యునకు తెలుపవలెను.