ఆషూర్‌ఖానా గోడ దగ్గర తొలి పాఠం

మొజాయిక్ అనగానే మనకి గుర్తొచ్చేది పాలిష్ పట్టిన గచ్చు. హైదరాబాద్ పాతబస్తీలోని బాద్‌షాహీ ఆషూర్‌ఖానా చూశాక ఆ మాటకి అర్థమే మారిపోతుంది. చార్మినార్ లేచిన కొద్ది ఏళ్లకే మహమ్మద్ కులీ కుతుబ్‌షా మొహర్రం సంతాపం కోసం కట్టించిన మందిరమిది. గోడల మీది పలకల పని 1611 నాటిది. మరుసటి ఏడాదే సుల్తాను కన్నుమూశాడు.

దూరం నుంచి చూస్తే పసుపు, నీలం, ఆకుపచ్చ, తెలుపు రంగులతో బొమ్మ గీసినట్టే ఉంటుంది. దగ్గరికి వెళ్తే ఒక్కో రంగూ ఒక్కో పెంకు. పీరు ఆకారాలు, వాటిలో తీగలు, అన్నీ కోసి పొదిగినవే. ఇరాన్ పనివాళ్ల పద్ధతి ఇది. ఒక్కో రంగు పూత ఒక్కో వేడికి పండుతుంది. అన్నిటినీ ఒకే పలక మీద పూసి కాలిస్తే ఒకటి పండేసరికి ఇంకోటి చెడుతుంది. అందుకే ఏ రంగు పలకని ఆ రంగుగా విడిగా కాల్చి, కోసి, అంచుల్ని వెనక వైపు ఏటవాలుగా అరగదీసేవారు. అప్పుడు ముందు వైపు సందు కనిపించకుండా ముక్కలు ఒదిగిపోతాయి.

1908 మూసీ వరద ఈ గోడల కింది భాగాన్ని దెబ్బతీసింది. పలకలు పోయిన చోట తర్వాత అవే నమూనాలు రంగులతో వేశారు. పైన పెంకు, కింద పూత. పెంకు మీద వెలుతురు తుళ్లుతుంది, రంగు మీద ఆగిపోతుంది. ఈ పని నేర్చుకునే పిల్లలకి ఇంతకంటే మంచి పాఠం లేదనిపిస్తుంది నాకు.

హైస్కూలు పిల్లలు మొదలుపెట్టడానికి ఆ గోడ మీది ఆరు భుజాల గడుల్లో ఒక్కటి చాలు. జానెడు ప్లైవుడ్ ముక్క మీద వృత్తలేఖినితో వృత్తం గీసి, కొలత మార్చకుండా అంచు చుట్టూ గుర్తులు పెడితే సరిగ్గా ఆరు పడతాయి. వాటిని కలిపితే గడి సిద్ధం. లోపలి తీగకి చిట్లిన గాజులు వాడండి, వంపు వాటిలోనే ఉంది. చుట్టూ నింపడానికి టైలు ముక్కలు వద్దు, ఆ మందంలో గాజు మునిగిపోతుంది. పగిలిన కప్పు సాసర్ల పెంకులు సరిపోతాయి. వాటిని గోనెగుడ్డలో చుట్టి సుత్తితో మెల్లగా కొట్టాలి. కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి, పక్కన పెద్దవాళ్లూ ఉండాలి.

జిగురు జోలికి పోకుండా ముందు అన్నీ పేర్చి చూసుకోండి. సగం సమయం ఇక్కడే పోయినా పరవాలేదు, పనంతా ఇందులోనే ఉంది. నచ్చాక ఫెవికాల్‌తో అతికి రాత్రంతా కదపకుండా ఉంచాలి. మర్నాడు వైట్ సిమెంట్‌ని గట్టి పెరుగులా కలిపి సందుల్లో దట్టించి, కాస్త బిగిశాక తడిగుడ్డతో తుడవాలి. తుడిచేకొద్దీ తెల్లటి పొర కింద నుంచి ఆకుపచ్చ గాజు మెల్లగా పైకి తేలుతుంది.